రోబో కళ్లెదుట లేకపోతేనే లెక్క తెలుస్తుంది

విశాఖలో చిన్నపిల్లల రోబోటిక్స్ క్లాసు అంటే చాలాచోట్ల ఖరీదైన కిట్లు, వార్షికోత్సవంలో ఒక ప్రదర్శన. పిల్లాడు బటన్ నొక్కుతాడు, బండి కదులుతుంది, తల్లిదండ్రులు వీడియో తీసుకుంటారు. ఇందులో పిల్లాడు నేర్చుకున్నదేమిటని గట్టిగా అడగాలి.

దూరంగా ఉన్న రోబోకు ముందే ప్రోగ్రామ్ రాసి పంపడం వేరే సంగతి. గాజువాకలో నాలుగో తరగతి పాప, ఆరిలోవ బడిలో ఉన్న రోబోను నడిపిస్తోందనుకోండి. ‘ముందుకు వెళ్లు, కుడికి తిరుగు’ అని కంప్యూటర్ తెర మీద ఆదేశాల బ్లాకులు పేర్చి పంపుతుంది. కెమెరాలో చూస్తే అది ఎడమకు తిరిగినట్టు కనిపిస్తుంది. రోబో ముఖం కెమెరా వైపు ఉంది మరి! పాప లేచి, రోబోలా అటు తిరిగి నిలబడి, చెయ్యి చాపి చూసుకుంటే గానీ విషయం అర్థం కాదు. 1967లో పిల్లల కోసం లోగో అనే ప్రోగ్రామింగ్ భాషను రూపొందించినవారిలో ఒకరైన సేమూర్ పేపర్ట్ కోరుకున్నది కూడా ఇదే, పిల్లలు తమ ఒంటి కదలికలతో జ్యామితిని పట్టుకోవడం. ఇక గచ్చు నున్నగా ఉంటే చక్రం జారుతుంది. 90 డిగ్రీలు తిరగమంటే కాస్త తక్కువే తిరుగుతుంది. ఎంత తగ్గిందో కొలిచి, మళ్లీ రాసి పంపాలి.

పెద్దవాళ్లు చేసేదీ ఇదే. 2023 ఆగస్టు 27న చంద్రుడి మీద ప్రజ్ఞాన్ రోవర్‌కు మూడు మీటర్ల ముందు నాలుగు మీటర్ల వెడల్పు గుంత ఎదురైంది. ఇస్రో వాళ్లు ఇక్కడి నుంచి ఆదేశం పంపి దాన్ని వెనక్కి మళ్లించారు.

2020 జాతీయ విద్యా విధానం కోడింగ్‌ను ఆరో తరగతి దశ నుంచి చెప్పమంటుంది. పిల్లలు పరికరాలతో ప్రయోగాలు చేసుకునేలా కేంద్రం బడుల్లో పెట్టిస్తున్న అటల్ టింకరింగ్ ల్యాబ్‌లూ ఆరు నుంచి పన్నెండు తరగతులకే. మూడు నుంచి ఐదు తరగతుల పిల్లలకు పరీక్ష టెన్షన్‌తో కోడింగ్ సబ్జెక్టు పెట్టమని నేను అనను. కానీ దిక్కులు, వరుస, అంచనా వంటపట్టే వయసు అదే కదా!

పైగా దూరం నుంచి నడిపితే ప్రతి బడికీ రోబో కొనక్కర్లేదు. ఒక్క రోబోను నాలుగైదు జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) బడులు వంతులవారీగా వాడుకోవచ్చు. ఒక ల్యాప్‌టాప్, నిలకడైన నెట్ ఉండాలి. అంతకన్నా ముందు, రెండు మూడు తరగతులు ఒంటి చేత్తో లాక్కొస్తున్న టీచర్‌కు నేర్చుకునే తీరిక ఇవ్వాలి. వారానికోసారి వచ్చివెళ్లే కంపెనీ ట్రైనర్‌తో ఈ పని కాదు. మార్కులు వేయాల్సి వస్తే, రెండోసారి ఏ బ్లాకు మార్చారో, ఎందుకు మార్చారో పిల్లల చేత తెలుగులోనే చెప్పించి వేయాలి.