బల్లి కావలెను

మా ఇంట్లో ఒక పోస్టు ఖాళీగా ఉంది. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తున్న గాజు తొట్టిలో రోజంతా కదలకుండా కూర్చునే ఉద్యోగం. భోజనం, వసతి ఉచితం. శ్రీకాకుళం జిల్లాలో మనుషులకే ఇలాంటివి దొరక్క ఊళ్ళకు ఊళ్ళు వలసపోతున్నాయి కాబట్టి, ఈ భర్తీని పూర్తి పారదర్శకంగా జరపాలని నిర్ణయించాను.

ముందు పోస్టు ఎలా పుట్టిందో చెప్పాలి. తెలిసినాయన ఒకాయన ఇల్లు మారుతూ చేపల తొట్టి అమ్మకానికి పెట్టాడు. పదిహేను వందలు. ఒక మూల సిలికాన్ ఊడి నీళ్ళు కారుతోందని నిజాయితీగానే ఒప్పుకున్నాడు. "చేపలకి పనికిరాదు గానీ బల్లినో గిల్లినో పెంచుకోండి సార్, దానికి నీళ్ళతో పనేముంది?" అన్నాడు. ఇంత సూటి తర్కం నేను ఏ ఆఫీసులోనూ వినలేదు. బేరమాడకుండా కొనేసి, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. మా అమ్మ గుమ్మంలోనే ఆపింది.

"ఏటిరా ఇది?"

"తొట్టి."

"చేపలేవి?"

"చేపలు కాదమ్మా, బల్లి."

అమ్మ ఏమీ అనలేదు. తలెత్తి ట్యూబ్‌లైట్ వైపు చూసింది. అక్కడ మూడున్నాయి.

ఆ చూపుకి జవాబు చెప్పాల్సిన బాధ్యత నాకుంది. ట్యూబ్‌లైట్ బల్లులు ఈ పోస్టుకి అర్హులు కావు. సాయంత్రం లైటు వేయగానే డ్యూటీ ఎక్కి, దోమల్నీ ఉసుళ్ళనీ అర్ధరాత్రి దాకా పట్టే మాట నిజమే. జీతం అడగలేదు, సెలవు పెట్టలేదు. సరిగ్గా అందుకే. ఊరికే పనిచేస్తున్నవాణ్ణి రెగ్యులర్ చేసిన ఇల్లు ఎక్కడైనా ఉందా? పైగా వాటి వేళ్ళ కింద కంటికి కనబడనంత సన్నని నూగు లక్షల్లో ఉంటుంది. అణువుకీ అణువుకీ మధ్య ఉండే ఆకర్షణతోనే అవి నున్నటి గాజు మీద కూడా నిట్టనిలువుగా ఎక్కేస్తాయి. తొట్టిలో వేసిన నిమిషానికి బయట ఉంటాయి. అంటే పని చేస్తాయి గానీ సీట్లో కూర్చోవు. మనకి కావలసింది దీనికి తలకిందులు. ఇక ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితి తొట్టిలో పడి చచ్చిందన్న సామెత ఉండనే ఉంది. తొట్ల విషయంలో ఆ వంశానికి మంచి అనుభవం లేదు.

లోకల్ కోటాలో తర్వాతి పేరు ఉడుము. వన్యప్రాణి రక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలులోనే ఉంది. పట్టుకుంటే మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా మనమే తొట్టిలో ఉండొచ్చు. ఉడుమొద్దు, చెయ్యి దక్కితే చాలు. ఊసరవెల్లినీ అదే చట్టం కాపాడుతోంది. పైగా దానికి గాలాడే జాలీ గూడు కావాలి, నాలుగు వైపులా గాజు పడదు. ఊసరవెల్లి పేరెత్తాను కదా, ఇప్పుడు రాజకీయ నాయకుల మీద ఒక జోకు వస్తుందని మీరు ఎదురుచూస్తున్నారు. వేయను. వ్యాసం గౌరవం నాకు ముఖ్యం.

నాన్‌లోకల్ అభ్యర్థుల్లో ఇగ్వానాది తొలి దరఖాస్తు. పిల్లగా ఉన్నప్పుడు అరచేతిలో ఇమిడిపోయి, ఆకులు తింటూ, చూడగానే మా శాకాహార బంధువులందరికీ నచ్చేలా ఉంటుంది. తర్వాత అయిదారడుగులు పెరుగుతుంది. మూడడుగుల తొట్టిలో సగం ఇగ్వానా లోపల, సగం హాల్లో. ఇలాంటి విదేశీ జంతువుల వివరాలు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలని 2024లో నిబంధనలు కూడా వచ్చాయి. రేషన్ కార్డులో మా అబ్బాయి పేరే ఇంకా ఎక్కలేదు.

ఆస్ట్రేలియా నుంచి గడ్డం డ్రాగన్. మంచి స్వభావం, పిల్లలతో కలిసిపోతుంది. కానీ పెద్దదయ్యాక నాలుగడుగుల తొట్టి ఉండాలి. ఒక్క మార్కుతో పోయినవాళ్ళు మా వీధిలో చాలామంది ఉన్నారు, ఇది ఒక్క అడుగుతో పోయింది. దాని రెండో షరతు వింటే ఆ దిగులు కూడా పోయింది. యూవీబీ కిరణాలిచ్చే ప్రత్యేకమైన లైటు పెట్టాలట. లేకపోతే ఒంట్లో డి విటమిన్ తయారుకాక ఎముకలు మెత్తబడతాయి. కిటికీ దగ్గర పెట్టినా లాభం లేదు, గాజు ఆ కిరణాల్ని రానివ్వదు. కూతవేటు దూరంలో అరసవల్లి. ఏటా మార్చిలోనూ అక్టోబరులోనూ సూర్యకిరణాలు తిన్నగా వచ్చి స్వామి పాదాల మీద పడే చోటు. అలాంటి చోట ఉంటూ, ఎండని పార్సిల్‌లో తెప్పించుకున్నానని తెలిస్తే ఆ స్వామి ఏమనుకుంటాడు?

క్రెస్టెడ్ గెక్కో అనే బల్లిది పసిఫిక్ సముద్రంలోని న్యూ కాలడోనియా దీవి. అంతరించిపోయిందనుకుంటే 1994లో మళ్ళీ కనబడిందట. అంత కష్టపడి బతికిన ప్రాణిని శ్రీకాకుళం మే నెలకి అప్పగించడానికి మనసొప్పలేదు. ఉష్ణోగ్రత 28 డిగ్రీలు దాటితే దానికి ప్రాణసంకటం. ఏసీ మా పడగ్గదిలోనే లేదు.

చివరికి అన్ని అర్హతలతో మిగిలింది లెపర్డ్ గెక్కో, చిరుత మచ్చల బల్లి. తలనుంచి తోకదాకా ఎనిమిది నుంచి పది అంగుళాలు. వేళ్ళ కింద ఆ అంటుకునే ఏర్పాటు లేదు, కాబట్టి గాజు ఎక్కి పారిపోదు. మామూలు బల్లికి లేని కనురెప్పలు దీనికున్నాయి. పగలంతా వాటిని మూసుకుని నిద్రపోతుంది. పీఎఫ్‌లాగా కొవ్వుని తోకలో దాచుకుంటుంది. సర్వీసు పదిహేను నుంచి ఇరవై ఏళ్ళు. ప్రభుత్వోద్యోగానికి ఇంతకన్నా తగిన శరీరనిర్మాణం ప్రకృతిలో ఇంకొకటి లేదు.

సెలక్షన్ అయిపోయిందని ఇంట్లో ప్రకటించాను. అప్పుడు అభ్యర్థి షరతులు మొదలయ్యాయి.

ముందు తొట్టిని బ్లీచింగ్ నీళ్ళతో కడిగి, వాసన పోయేదాకా ఎండబెట్టాలి. పైన జాలీ మూత. ఒక చివర 32 డిగ్రీల వెచ్చదనం, రెండో చివర 25 డిగ్రీల చల్లదనం. ఒంట్లో వేడి సొంతంగా పుట్టదు కాబట్టి అటూ ఇటూ నడిచి సరిచూసుకుంటుందట. వెచ్చటి చివర మాకు సమస్య కాదు, ఇల్లంతా అదే. ఆ చల్లటి చివర ఎక్కడుందో మేమూ కొన్నేళ్ళుగా వెతుకుతున్నాం. దాక్కోవడానికి మూడు గూళ్ళు కావాలి: వెచ్చటిది, చల్లటిది, తేమది. అంటే త్రిబుల్ బెడ్‌రూం. చలికాలానికి హీటరు, హీటరుకి థర్మోస్టాట్, థర్మోస్టాట్‌కి ఇన్వర్టర్. 2018 తిత్లీ తుఫాను తర్వాత ఉద్దానం రోజుల తరబడి చీకట్లో ఉండటం చూసినవాణ్ణి, ఇన్వర్టర్ దండగని ఎలా అనగలను?

తిండి దగ్గర అసలు కథ ఉంది. చచ్చిన పురుగు ముట్టదు. కదిలే కీచురాళ్ళు కావాలి, వాటికి కాల్షియం పొడి అద్దాలి. కీచురాళ్ళని పెంచడానికి ఇంకో తొట్టి, వాటి మేతకి క్యారెట్లు, రాత్రంతా వాటి కచేరీ. గోచీని ఎలకల నుంచి కాపాడుకోవడానికి పిల్లిని, పిల్లి పాలకోసం ఆవుని తెచ్చిన సన్యాసి కథ చిన్నప్పుడు విని నవ్వాను. కౌపీన సంరక్షణార్థం అయం పటాటోపః. ఆయన గోచీకి కనీసం చిల్లు లేదు.

లెక్కలు వేసిన కాగితం మా ఆవిడ చదివి మడిచి పెట్టింది. "ఈ జన్మలో దీంట్లోకి ఏ ప్రాణీ రాదండీ. ఉల్లిపాయలు పోసుకుందాం" అంది.

ట్యూబ్‌లైట్ వెనకనుంచి ట్చ్ ట్చ్ ట్చ్ అని వినబడింది.

"సత్యం! కృష్ణ కృష్ణ!" అని అమ్మ వేలితో నేల మీద టకటకా కొట్టింది. అనర్హుడని తేల్చిన అభ్యర్థి సెలక్షన్ కమిటీలో మాట్లాడటం నిబంధనలకి విరుద్ధమే. కానీ ఆ మాట వినేవాళ్ళు ఎవరు?

ప్రస్తుతం తొట్టిలో అయిదు కేజీల ఉల్లిపాయలున్నాయి. నాలుగు వైపులా గాజు కాబట్టి గాలి సరిపోక అడుగున ఉన్నవి మెత్తబడుతున్నాయి. మూత తీసి ఉంచుదామంటే బొద్దింకలు దూరుతున్నాయి. జాలీ మూత కోసం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర వెల్డింగ్ షాపులో కొలతలిచ్చి వచ్చాను. పద్దెనిమిది వందలవుతుందన్నాడు.