సవరణ: చేపల వేట నిషేధం 45 రోజులు కాదు, 61

పోయిన వారం పోస్టులో రెండు తప్పులు రాశాను. తమిళనాడు తూర్పు తీరంలో నిషేధం 45 రోజులని, ఆ రోజుల్లో చెన్నై చేపల రేవు కాసిమేడులో దొరికే తాజా చేపంతా దొంగతనంగా పట్టిందేనని.

45 రోజులన్నది పాత లెక్క. 2017లో దాన్ని 61కి పెంచారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. మన ఆంధ్ర తీరంలోనూ అవే తేదీలు.

రెండో తప్పు పెద్దది. నిషేధం మరబోట్లకు, ట్రాలర్లకు. చేపలు గుడ్లు పెట్టే కాలంలో వాటి వలలు అడుగుదాకా ఈడ్చేస్తాయని ఆ ఆంక్ష. తీరం దగ్గర వేటాడే చిన్న నాటు పడవలు వెళ్లొచ్చు. అసలు 1983 నాటి తమిళనాడు చట్టమే తీరానికి దగ్గరి నీళ్లలో మరబోట్లు వేటాడకూడదని, ఆ నీళ్లను చిన్న జాలర్లకు వదిలింది.

నా పోస్టు చదివి మా వీధిలో ఇద్దరు మా చేపలమ్మ దగ్గర కొనడం మానేశారు. నిన్న ఆవిడ గంప దించి, తడి గోనె తీసి చూపించింది: నెత్తళ్లు, కవళ్లు, నాలుగు కానాగంతలు. "తెల్లారుజామున మా ఆయన చిన్న పడవలో తెచ్చినవేనమ్మా" అంది. నాకు మాట రాలేదు.

ఆవిడకు క్షమాపణ చెప్పాను, మీకూ చెబుతున్నాను. పాత పోస్టు షేర్ చేసినవాళ్లు దయచేసి దీన్ని కూడా పంపండి. మానేసిన ఆ ఇద్దరికీ ఇవాళే వెళ్లి చెబుతాను.