మిగిలిన 50 బార్ల గాలి ఎవరి సొత్తు?

అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌కు స్కూబా డైవింగ్ కోసం వెళ్లే పర్యాటకుడికి జరుగుతున్న అన్యాయంపై ఇంతవరకు ఏ వినియోగదారుల సంఘమూ నోరు మెదపకపోవడం విచారకరం. 200 బార్ల ఒత్తిడితో గాలి నింపిన సిలిండర్‌ను వీపుకు తగిలించి, పూర్తి సొమ్ము వసూలు చేసి, తీరా అందులో 50 బార్లు మిగిలి ఉండగానే పడవ ఎక్కి తీరాలంటున్నారు. అంటే కొన్న సరుకులో నాలుగో వంతును దుకాణానికే తిరిగి అప్పగించాలన్నమాట. గ్యాస్ బండను పడుకోబెట్టి మరో రెండు పూటల వంట కానిచ్చే జాతికి ఇది మింగుడుపడే విషయం కాదు.

అడిగితే భద్రత అంటారు. పైకి వచ్చేటప్పుడు నిమిషానికి 9 మీటర్ల వేగం మించరాదట, 5 మీటర్ల లోతున 3 నిమిషాలు ఆగాలట, ఈలోగా జోడీగా దిగినవాడి గాలి అయిపోతే అతనికీ మన సిలిండర్ నుంచే పంచాలట. అతగాడు గేజ్ చూసుకోకుండా తాబేళ్లతో ఫొటోలు దిగుతుంటే మనమెందుకు పొదుపు చేయాలో మాత్రం ఎవరూ చెప్పరు. ఎంత గాలి ఉందని ఇన్‌స్ట్రక్టర్ సైగ చేస్తే, మనవారు బ్రహ్మాండం అన్నట్టు బొటనవేలు ఎత్తి చూపుతారు. నీటి కింద ఆ సైగకు పైకి పోదామని అర్థం కనుక, పాపం, బాగా సాగుతున్న డైవ్ అక్కడితో ముగిసిపోతుంది.

ధరల సంగతి మరీ ఘోరం. ఉపరితలం మీద నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి 10 మీటర్ల లోతున 40, 20 మీటర్ల వద్ద 60, 30 మీటర్ల వద్ద 80 లీటర్లు ఖర్చవుతాయి. 11 లీటర్ల సిలిండర్‌లో వాడుకోనిచ్చే ఆ 150 బార్లు పడవ మీద గంటా ఇరవై నిమిషాలు వస్తాయి. 30 మీటర్ల దగ్గర 20 నిమిషాలకే అయిపోతాయి. ఇందుకు మూలమైన, ఒత్తిడి పెరిగేకొద్దీ గాలి కుంచించుకుపోతుందనే సూత్రాన్ని 1662లో ప్రకటించిన రాబర్ట్ బాయిల్‌పై దావా వేద్దామంటే కాలపరిమితి దాటిపోయింది.

గాలి మిగిలినా ఒంట్లో చేరిన నైట్రోజన్ ఊరుకోదని, ఒత్తిడి త్వరగా తగ్గితే బుడగలై కీడు చేస్తుందని మరో బెదిరింపు. 1908లో శాస్త్రవేత్త హాల్డేన్ మేకలను పీడన గదిలో పెట్టి పరీక్షించి, డైవర్లు సురక్షితంగా పైకి వచ్చే పట్టికలు ప్రకటించారు. ఆ మేకలేవీ తిరుగు టికెట్ కొనుక్కోలేదు. వరుస డైవ్‌ల తర్వాత కనీసం 18 గంటలు విమానం ఎక్కరాదనడం, ఆఖరి రోజు ఉదయం రెండు డైవ్‌లు ముగించి మధ్యాహ్నం విమానం అందుకునే మన ప్రణాళికా ప్రతిభను కించపరచడమే.

కనుక నిరసన సభను 30 మీటర్ల లోతులోనే జరపాలని ప్రతిపాదిస్తున్నాను. వాడుకలో ఉన్న ఒక పట్టిక ప్రకారం, నైట్రోజన్ దృష్ట్యా అక్కడ ఉండగల గడువు, దిగడానికి పట్టే సమయంతో కలిపి, 20 నిమిషాలు. జ్యోతి ప్రజ్వలన కుదరదు. ముఖ్య అతిథి మాత్రం "రెండు మాటలు" మాట్లాడతానని మొదలుపెట్టి, చరిత్రలో తొలిసారిగా, రెండు మాటలతోనే ముగించవలసి వస్తుంది.