గేటు ముందు కాపురమున్న పూడిక కుప్పకి

శ్రీకాకుళం,
రథసప్తమికి ముందు వారం.

మహారాజశ్రీ పూడిక కుప్ప గారికి,

మర్యాద ఇంతటితో సరి. మన పరిచయానికి ఎనిమిది నెలలు దాటింది కాబట్టి ఇక్కణ్ణుంచి నువ్వనే రాస్తాను.

నువ్వు మొదటిసారి మా గేటు ముందు దిగింది మే నెల రెండో వారంలో. వానలు రాకముందే కాలవల్లో పూడిక తీయించాలని ఎవరో మంచి ఆలోచన చేశారు. (ఎవరో చెప్పను, ఇదే ఊళ్లో ఇంకా బతకాలి.) నలుగురు మనుషులు పారలతో వచ్చి, మధ్యాహ్నానికల్లా కాలవ ఖాళీ చేసి, నిన్ను గట్టు మీద పోశారు. నల్లగా నిగనిగలాడుతూ హల్వాలా ఉన్నావు. ఒంటి మీద నగలకీ తక్కువ లేదు. షాంపూ ప్యాకెట్లు, గుట్కా పొట్లాలు, పళ్లూడిన దువ్వెన, ఎడమకాలి హవాయి చెప్పు. ఆ చెప్పు నాదే. నిరుడు శ్రావణంలో పోయింది.

వాసన సంగతి వదిలేద్దాం, రెండు రోజుల్లో అదే పోయింది.

"దీన్ని ఎప్పుడు తీసుకెళ్తారు బాబూ?" అని అడిగాను. "ఎండాక ఎత్తీస్తాం బావూ" అన్నాడు పార భుజాన వేసుకున్న కుర్రాడు. న్యాయమైన మాటే. తడి మట్టి ట్రాక్టర్లో వేస్తే దారి పొడుగునా కారుతుంది, బరువు కూడాను. ఒకట్రెండు రోజులు ఆరనివ్వడం పద్ధతే. కానీ అవి రోహిణి కార్తె ముందటి ఎండలు. మర్నాటికి నీ ఒళ్లు నెర్రెలిచ్చింది, మూడో రోజుకి అప్పడంలా పెచ్చులు లేచింది. నాలుగో రోజు నుంచి వాళ్ల కోసం ఎదురుచూశాం. ఎండాక ఎత్తుతామన్నవాళ్లు రాలేదు గానీ, ఎండాక నువ్వే లేచావు.

ఆటో వెళ్తే కొంచెం లేచావు, ఇసుక ట్రాక్టరు వెళ్తే బారెడు లేచావు. పొందూరు ఖద్దరు చొక్కా తెల్లగా ఆరేస్తే సాయంత్రానికి గోధుమరంగులో చేతికొచ్చింది. డాబా మీద పెట్టిన వడియాలు వేయించి పెడితే మా బావమరిది తిని, "ఉప్పు సరిపోయింది బావా, కారం సరిపోయింది, వీధి కొంచెం ఎక్కువైంది" అన్నాడు. మా అమ్మకి ఆయాసం ఎక్కువైతే డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్లాను. ఇన్‌హేలరు రాసి, "దుమ్ముకి దూరంగా ఉండాలమ్మా" అన్నారు. ఎంత దూరమో చెప్పలేదు. మంచానికీ నీకూ మధ్య ఒక గోడ, ఒక గేటు, మూడడుగుల నేల ఉన్నాయి. అంతకంటే దూరం కావాలంటే స్థలం కొనాలి.

పొద్దున్నే తూర్పు కిటికీలోంచి ఎండ వాలుగా పడుతుంది కదా, అందులో తేలే నలుసుకి మన పాతవాళ్లు త్రసరేణువని పేరు పెట్టి, కొలతల్లో అదే మొదటిదన్నారు. ఇప్పుడు కొలత ఇంకా సన్నబడి పీఎం 10 అయింది. అంటే పది మైక్రాన్లు, అంతకన్నా చిన్నవి. వెంట్రుక మందంలో ఐదో వంతో, ఆరో వంతో. ఘనపు మీటరు గాలిలో ఇవి ఏడాది సగటున 60 మైక్రోగ్రాములు దాటకూడదని మన దేశం పెట్టుకున్న హద్దు. గాలి హద్దుల్లో లేని ఊళ్ల కోసం కేంద్రం 2019లో జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం మొదలుపెట్టింది. ఆ జాబితాలో ఆంధ్ర ఊళ్లు 13. మన శ్రీకాకుళం ఒకటి, పక్కనున్న విజయనగరం ఇంకొకటి. ఢిల్లీతో ఒకే పంక్తిలో భోజనానికి కూర్చోవడం మాటలా? అంత పేరు తెచ్చినవాళ్లలో నువ్వూ ఒకడివి, నీకు శాలువా కప్పినవాడు లేడు. ఆ కార్యక్రమమేమో పీఎం 10 తగ్గించమంటుంది. పార పట్టుకున్నవాడేమో ఆరనిమ్మంటాడు.

మృగశిర చినుకులు పడ్డ రాత్రి నువ్వు పుట్టింటికి బయలుదేరావు. పొద్దున్న చూస్తే సగం కుప్పే ఉంది, మిగతా సగం కాలవలో హాయిగా సర్దుకుని పడుకుంది. నాలుగు వానలకి ఆ మిగిలింది కూడా వెళ్లిపోయింది. పని పూర్తయిందని ఎక్కడో రాసుకునే ఉంటారు.

అప్పుడు నాకో పాత సంగతి తట్టింది. 2021 సెప్టెంబరు 26 రాత్రి గులాబ్ తుపాను కళింగపట్నానికి ఉత్తరాన తీరం దాటినప్పుడు, మా కాలవ పొంగి వరండా దాకా నీళ్లొచ్చాయి. మర్నాడు మెట్ల మీద వేలెడు మందాన మెత్తటి మట్టి. నాగావళి పంపిన ఒండ్రేమో అనుకుని, తీసి మందార మొక్కకి వేశాను, కళ్లకద్దుకున్నంత పని చేశాను. అది నువ్వేనని ఇప్పుడు తెలిసింది.

అక్టోబరులో అల్పపీడనం పట్టి మూడు రోజులు వదల్లేదు. కాలవ మళ్లీ పొంగింది, మనుషులు మళ్లీ వచ్చారు, నువ్వు మళ్లీ గట్టెక్కావు. ఈసారి మా ఆవిడ తెలివిగా ఆలోచించింది. నువ్వు లేవకుండా పొద్దునా సాయంత్రం బియ్యం కడిగిన నీళ్లు, బట్టలు జాడించిన నీళ్లు నీ మీద పోసింది. దుమ్ము నిజంగానే అణిగింది. పదో రోజున ట్రాక్టరు వచ్చింది! మేస్త్రీ దిగి, నిన్ను కాలితో నొక్కి చూసి, "ఇంకా పచ్చిగానే ఉంది కదమ్మా, ఎండాక ఎత్తీస్తాం" అని ఎక్కి వెళ్లిపోయాడు. నీళ్లు పోస్తే ఎత్తరు, మానేస్తే లేస్తావు. ఇది ఆలోచించి ఆలోచించి మా ఆవిడకి తలనొప్పి, నాకు టెన్షన్.

చలికాలం నీకు బాగా కలిసొచ్చింది. ఎండాకాలంలో మధ్యాహ్నమయ్యేసరికి సముద్రం గాలి తిరిగి నిన్ను ఎటో ఒకటు తోసేసేది. ఇప్పుడు తెల్లవారుజామున ఆకు కదలదు. నేల దగ్గర చల్లగాలి, దాని మీద వెచ్చటి గాలి మూత పెట్టినట్టు కూర్చుంటుంది. ఆ మూత కింద నువ్వు, మంచు, వీధి చివర చెత్త తగలేసిన పొగ, ముగ్గురూ కలిసి వేలాడుతుంటారు. వాకింగుకి వెళ్లేవాళ్లు మఫ్లర్లోంచి ముక్కు బయటపెట్టి "అరకులా ఉంది కదండీ!" అంటున్నారు. (భోగి మంటల్లో పాత టైర్లు వేసిన మహానుభావులకి వేరే ఉత్తరం రాస్తాను. అది ఇంత మర్యాదగా ఉండదు.)

రథసప్తమికి అరసవల్లి వచ్చే చుట్టాలు మా ఇంట్లోనే దిగుతారు. పండగ ఏర్పాట్లని ఎవరో వస్తే ఇప్పటికైనా ఎత్తుతారనుకున్నాను. వచ్చారు. నీ చుట్టూ సున్నంతో నిండైన గీత గీసి వెళ్లారు. లక్ష్మణుడు గీసిన గీత కూడా ఇంత వంకర లేకుండా వచ్చి ఉండదు. మధ్యాహ్నానికి ఓ బస్సు వెళ్లింది, నువ్వు గీత దాటి మా అరుగు మీదికొచ్చావు, వస్తూ కొంచెం సున్నం కూడా తెచ్చావు.

ఇట్లు,
నీకు మూడడుగుల దూరంలో ఉండే,
ఎడమకాలి చెప్పు యజమాని.

తా.క. మా ఆవిడ పోసిన నీళ్లకి నీ నెత్తి మీద టమాటా మొక్క ఒకటి మొలిచింది. మొన్న దాన్ని వేళ్లతో సహా పెకలించి పాత బకెట్లో పెట్టి డాబా ఎక్కించాం. దాంతో పాటు నీలోంచి రెండు దోసిళ్ల మట్టి పైకొచ్చింది. మే నుంచి ఇప్పటిదాకా మా వీధిలోంచి ఎత్తిన పూడిక మొత్తం అదే. రెండు పిందెలు వేసింది.