టొలేడో తలుపులు తెరవరాదు

స్పెయిన్‌లో టొలేడో అనే పాత నగరం ఉంది. లోకం నలుమూలల నుంచి జనం అక్కడికి వెళ్లి, ముక్కూమొహం తెలియని వారి ఇళ్ల వీధి తలుపులకు ఫొటోలు తీసుకుని తిరిగొస్తారు. ఇందులో నవ్వవలసింది ఏమీ లేదు. పరాయి ఇంటి ముందు నిలబడి, మేకు మేకునూ తడిమి, తలుపు సందులోంచి లోపలికి తొంగిచూసేవాడిని మన పెద్దలు దొంగ అనేవారు. వాడినే ఇప్పుడు వారసత్వ ప్రేమికుడు అంటున్నాం. మానవజాతి ఇంతగా ఎదిగినందుకు అందరం సంతోషించాలి.

నా మటుకు నేను తలుపుల పక్షం. ఆ పక్షంలోనూ తీవ్రవాద వర్గం. టొలేడోలో తలుపును చూడవచ్చు, పొగడవచ్చు, తెరవకూడదు. తెరిచిన మరుక్షణం దాని పరువు పోతుంది. లోపల మెట్ల కింద పిల్లల సైకిలు, గోడకు కరెంటు మీటరు, మూలన తుడిచే గుడ్డ కనిపిస్తాయి. మూసి ఉన్నంతసేపూ లోపల ఏ ప్రభువు విందు చేస్తున్నాడో, ఏ రసవాది సీసాన్ని బంగారం చేస్తున్నాడో మన ఇష్టం.

ఈ సంగతి ఊరు కట్టినవారికి ముందే తెలుసు. మూడు వైపులా తాహో నది లోయ, నాలుగో వైపు కోటగోడ. ఎవరిని రానివ్వాలి, ఎవరిని గెంటెయ్యాలి అన్న ఒక్క ప్రశ్న మీదే శతాబ్దాల తరబడి ఊరు నడిచింది. 1085లో ఆరో అల్ఫోన్సో రాజు ముస్లిం పాలకుల నుంచి నగరాన్ని వశం చేసుకున్నాడు. ఆయన పాత బిసాగ్రా ద్వారం గుండా ప్రవేశించాడని చెబుతారు. ఆ ద్వారం చిన్నది, ఇప్పటికీ నిలిచి ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. జనమంతా కొత్త బిసాగ్రా దగ్గర ఉంటారు. కొత్తది అంటే 16వ శతాబ్దపుది. అలోన్సో దె కొవరూబియాస్ అనే వాస్తుశిల్పి చేతిలో రూపుదిద్దుకున్న ఆ ద్వారం నెత్తిన ఐదో చార్లెస్ చక్రవర్తి రాజచిహ్నం ఉంటుంది: రెండు తలల గద్ద. దాన్ని ఎంత పెద్దగా చెక్కారంటే, చూసేవాడికి ముందు గద్ద కనబడి, కింద దారి కూడా ఉందని తర్వాత తెలుస్తుంది. ఇంత హంగు చేసి పెట్టాక, చక్రవర్తి కొడుకు రెండో ఫిలిప్ 1561లో ఆస్థానాన్ని మాడ్రిడ్‌కు తరలించుకుపోయాడు. గద్ద మాత్రం ఉద్యోగం పోయినా డ్యూటీ దిగలేదు.

రాజధాని పోవడమే టొలేడోకు పట్టిన మహద్భాగ్యం. పాత కట్టడాలను కాపాడడంలో పురావస్తు శాఖ కంటే దారిద్ర్యానికి ఎక్కువ అనుభవం ఉంది. చేతిలో నాలుగు డబ్బులు ఆడితే మనిషి మొదట చేసే పని తాతగారి ఇల్లు పడగొట్టి కొత్తది లేపడం. టొలేడో వారికి ఆ అవకాశం దక్కలేదు. పాత తలుపుకే మళ్లీ రెండు మేకులు కొట్టుకుని సరిపెట్టుకున్నారు. అలా సరిపెట్టుకోగా సరిపెట్టుకోగా 1986లో యునెస్కో వచ్చి, ఇది ప్రపంచ వారసత్వం అని ప్రకటించింది. అప్పటి నుంచి మేకు కొట్టాలన్నా అనుమతి కావాలి.

ఇక 2000 సంవత్సరంలో చేసిన పని చూడండి. సైన్యాలు ఎక్కకుండా కట్టిన గోడ కింద నుంచి, నేరుగా ఊరి నడినెత్తికి ఎస్కలేటర్లు వేశారు. సైనికుడు నిచ్చెన వేసుకుని, మరిగే నూనె భయంతో ఎక్కవలసిన కొండను ఇప్పుడు పర్యాటకుడు ఐస్‌క్రీం తింటూ ఎక్కుతాడు. కోటను ఇంత మర్యాదగా అప్పగించిన ఉదాహరణ యుద్ధ చరిత్రలో అరుదు. మాడ్రిడ్ నుంచి వేగం రైలులో అరగంట ప్రయాణం, ఉదయం దండయాత్ర, సాయంత్రానికి విరమణ.

ఇంతకీ తలుపు దగ్గరికి రావాలి. టొలేడో వీధి తలుపు రెండు రెక్కల దిట్టమైన చెక్క. ఎండకు బూడిద రంగు తిరిగి, కింది భాగం వానచినుకుల చిందుకు పుచ్చిపోయి, ఆ పుచ్చు మీద ఎప్పుడో రేకు ముక్క తాపడం చేసి ఉంటుంది. నిలువునా అడ్డంగా వరసలు కట్టిన ఇనుప గుబ్బమేకులు. పెద్ద రెక్కలో ఒక దిడ్డి తలుపు, మనిషి తల వంచి దూరేంత. తలుపు తట్టడానికి రెండు ఇనుప కడియాలు ఉంటే, పైది గుర్రం మీద వచ్చినవాడికి, కిందిది నడిచి వచ్చినవాడికి అని చెబుతారు. నాకు చాలా నచ్చిన ఏర్పాటు ఇది. చప్పుడు ఏ ఎత్తు నుంచి వచ్చిందో వింటే చాలు, లోపలివాళ్లకు అతిథి తాహతు తెలిసిపోతుంది. ఎవరికి ఎదురు వెళ్లాలో, ఎవరిని ‘ఇంట్లో లేరు’ అని పంపాలో తలుపు తియ్యకుండానే తేల్చుకోవచ్చు. రాతి ద్వారబంధం పైన వంశచిహ్నం: సింహం, బురుజు, నక్షత్రాలు, కింద సగం అరిగిన అక్షరాలు.

ఆ సింహానికి సరిగ్గా కింద, గోడకు బిగించిన నల్లటి చిన్న పెట్టె ఉంటుంది. పర్యాటకుల అద్దె ఇంటి తాళం పెట్టె. నాలుగంకెలు తిప్పితే తాళంచెవి చేతిలో పడుతుంది. నాలుగు వందల ఏళ్ల వంశగౌరవానికి వారసులుగా మిగిలింది ఆ నాలుగంకెలు. నేను పెట్టెను తప్పు పట్టను. గుర్రం మీద వచ్చావా, నడిచి వచ్చావా అని అది అడగదు. ముందుగా డబ్బు కట్టావా అని కూడా అది అడగదు; ఆ సంగతి అప్పటికే తేలిపోయి ఉంటుంది.

ఫొటోల విషయంలో మన తెలుగువారు ఎవరికీ తీసిపోరు. పది రోజుల్లో ఐరోపా చుట్టి వచ్చే బృందాల్లో టొలేడో వాటాకు ఒక పూట వస్తుంది. ఆ పూటలో గుబ్బమేకుల తలుపుకు భుజం ఆనించి, గడ్డం కాస్త పైకెత్తి, ఈ ఇల్లు మా మేనమామదే, కోర్టులో ఉంది అన్నట్టు నిలబడతారు. ఊరిలో తాత కట్టిన మండువా ఇంటి టేకు తలుపులను పాత సామాను వ్యాపారికి తూకానికి అమ్మేసినవారైతే మరింత సహజంగా నిలబడతారు. ఏది పోగొట్టుకున్నారో శరీరానికి గుర్తుంటుంది కాబోలు.

ఇంతలో ఘోరం జరుగుతుంది. దిడ్డి తలుపు తెరుచుకుని, లోపలి నుంచి ముసలమ్మ ఒకామె చెత్త సంచితో బయటికి వస్తుంది! ఫొటో పాడైపోయింది. బృందమంతా ఆమె వైపు అదోలా చూస్తుంది, మ్యూజియంలో బొమ్మ తుమ్మితే చూసినట్టు. ఆమె మాత్రం ‘పెర్మీసో’ అంటూ, తన గడప మీద నిలబడిన వాళ్లనే తప్పుకోమని బతిమాలుకుంటూ వెళుతుంది. పాత పట్టణంలో కాపురాలు దశాబ్దాలుగా తగ్గుతూ వచ్చాయి కాబట్టి ఇలాంటి అంతరాయాలు కొన్నాళ్లకు వాటంతట అవే సద్దుమణుగుతాయని ఆశించవచ్చు. ఈలోపు చెత్త వేసే వేళలను పొద్దు వాలే ముందు బంగారు వెలుగు పడే సమయంతో ఢీకొనకుండా సవరించాలని మనవి.

ఇళ్ల తలుపులే ఇంత గట్టివైతే, దేవుడి ఇంటి తలుపులు ఇంకెంత గట్టిగా ఉండాలి! 1226లో మొదలుపెట్టిన మహా చర్చికి పడమటి ముఖంలో మూడు ద్వారాలు: నడుమ క్షమాద్వారం, ఎడమన నరకద్వారం, కుడిన అంతిమ తీర్పు ద్వారం. పూర్వం క్షమాద్వారం గుండా వెళ్లిన పశ్చాత్తప్తులకు పాపశిక్షలో మినహాయింపు దొరికేది. ఇప్పుడు దాన్ని మూసి ఉంచుతారు. కొత్త ఆర్చిబిషప్ పదవిలోకి వచ్చినప్పుడు, మరికొన్ని ప్రత్యేక సందర్భాల్లో మాత్రమే తెరుస్తారు. అంటే క్షమాపణ అవసరం అందరికంటే తక్కువ ఉండవలసిన వ్యక్తికే ఆ దారి. నరకద్వారం మీద సైతాన్లు, మంటలు, మరిగే కాగులు ఉంటాయని ఆశపడి వెళ్లినవారికి భంగపాటే. దాని నిండా చెక్కినవి ఆకులూ పువ్వులూ. ఒకప్పుడు మట్టల ఆదివారం ఊరేగింపు ఆ దారినే లోపలికి వెళ్లేదట. తీర్పు ద్వారంలో మాత్రం మాటకు తగ్గట్టు తీర్పు రోజు శిల్పాలు ఉన్నాయి.

మరి మనబోటివాళ్లు ఎటు నుంచి వెళ్లాలి? దక్షిణం వైపు సాదా ద్వారం అని ఒకటుంది. 1800 ప్రాంతంలో కట్టిన, మెట్లు లేని, నేలమట్టపు వాకిలి. స్తంభాలు ఉన్నాయి గానీ స్వర్గమూ నరకమూ లేవు. టికెట్టు చూపించి లోపలికి నడవడమే. మోక్షం సంగతి తర్వాత, ముందు వరసలో నిలబడండి.

తీర్పు ద్వారానికి ఇంకో పేరుంది, లేఖరుల ద్వారం. పత్రాలు రాసే నోటరీలు ప్రమాణం చేయడానికి అటు నుంచి వెళ్లేవారు. అక్కడున్న శాసనం 1492 జనవరిలో స్పెయిన్‌లోని చివరి ముస్లిం రాజ్యం గ్రనడా పట్టుబడిందని, అదే ఏడు జులై చివరికి కాస్తీయా, ఆరగాన్, సిసిలీ రాజ్యాల నుంచి యూదులందరినీ వెళ్లగొట్టారని చెబుతుంది. వెళ్లగొట్టిన సంగతిని తీర్పు ద్వారం దగ్గరే రాసి పెట్టుకోవడంలో ఆనాటి వారి నిజాయతీని మెచ్చుకోవాలి. పైవాడు వెతుక్కోవలసిన శ్రమ తప్పింది.

వెళ్లగొట్టబడినవారు తమ టొలేడో ఇళ్ల తాళంచెవులు వెంట తీసుకుపోయారని, తరతరాలుగా దాచుకున్నారని ఒక గాథ ఉంది. తలుపు శత్రువు చేతిలో, తాళంచెవి మన చేతిలో. ఈ పరిస్థితి ఐదు వందల ఏళ్లు నడిచాక స్పెయిన్ మనసు కరిగింది. ఆనాటి యూదుల సంతతికి పౌరసత్వం ఇస్తామంటూ 2015లో చట్టం చేశారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడు కదా! వంశం నిరూపించాలి, స్పానిష్ భాషా పరీక్ష రాయాలి, రాజ్యాంగం మీద మరో పరీక్ష రాయాలి, స్పెయిన్‌కు వచ్చి నోటరీ ముందు సంతకం పెట్టాలి. అవును, నోటరీ ముందే. 2019లో గడువు తీరిపోయింది. వెళ్లగొట్టేటప్పుడు ఎవరికీ ఏ పరీక్షా పెట్టలేదు. ఆ రోజుల్లో పాలన ఇంత సంక్లిష్టం కాలేదు.

ఈ గతం ఎవరినీ నొప్పించకుండా ఊరికి ‘మూడు సంస్కృతుల నగరం’ అని ముద్దుపేరు పెట్టారు. క్రైస్తవులు, ముస్లింలు, యూదులు. మూడింట రెండు వర్గాలను సాగనంపాక మిగిలిన వర్గం ఆ పేరును కరపత్రాల మీద అచ్చు వేయిస్తుంది. యూదుల ప్రార్థనా మందిరం ఒకటి ఇప్పుడు ‘సాంతా మరీయా లా బ్లాంకా’, తెల్లని మేరీమాత పేరిట. 999లో కట్టిన చిన్న మసీదు ‘క్రీస్తో దె లా లూథ్’, వెలుగుల క్రీస్తు పేరిట. లోపల తెల్లటి గుర్రపునాడా కమానులు, ఎర్రటి ఇటుక పని చూసి ఎంత సామరస్యమో అని సందర్శకులు కళ్లు చెమర్చుకుంటారు. నిజమే. ఒక వర్గం కట్టింది, మరో వర్గం తీసుకుంది. ఇంతకంటే సాఫీగా ఆస్తి బదిలీ ఎక్కడ జరుగుతుంది!

నా సిద్ధాంతానికి టొలేడో ఇంటి కడుపులోనే బలం ఉంది. వీధి తలుపు తెరిస్తే చిన్న నడవ వస్తుంది. లోపలి ముంగిలికి వెళ్లే వాకిలి దానికి ఎదురుగా ఉండదు, పక్కకు తిరిగి ఉంటుంది. వీధిలో నిలబడినవాడి చూపు గోడకు తగిలి ఆగిపోవాలని చేసిన కిటుకు. ఏడాదిలో ఒకసారి కార్పుస్ క్రిస్తీ అనే క్రైస్తవ పండుగ రోజుల్లో కొన్ని ఇళ్లవారు తమ ముంగిళ్లను జనానికి తెరిచి చూపిస్తారు. పూలకుండీలు, పింగాణీ పలకలు, మధ్యలో బావి. చూసినవారు అబ్బురపడతారు. నాకు మాత్రం బాధగా ఉంటుంది. ఇంత అందాన్ని లోపల దాచి, బయట ఒట్టి గోడ చూపించిన పూర్వికుల సంయమనాన్ని మనవడు మూడు రోజుల ముచ్చటకు ఖర్చు పెట్టేస్తున్నాడు.

ఊరు మొత్తంలో నాకు ఆదర్శంగా తోచింది మఠాల్లోని చక్రం తలుపు. టొలేడోలో కొన్ని మఠాల సన్యాసినులు బాదం, చక్కెరతో మార్జిపాన్ మిఠాయి చేసి అమ్ముతారు. లోకానికి ముఖం చూపించకూడదనే నియమం ఉన్నవారు. అందుకని గోడలో తిరిగే చెక్క అర ఒకటి పెట్టారు. గంట కొడతారు. లోపలి నుంచి మరియమ్మకు జయం పలికే ఒక గొంతు వస్తుంది. ఏం కావాలో చెప్పి, డబ్బు అరలో పెడతారు. అర తిరుగుతుంది, డబ్బు మాయమై, దారం కట్టిన డబ్బా ప్రత్యక్షమవుతుంది. కొన్నవాడు ఎవరినీ చూడడు, అమ్మినవారు ఎవరినీ చూడరు, ఫొటో ఎవరిదీ పాడవదు.

ఈ ఏర్పాటును పాత పట్టణంలోని ప్రతి ఇంటికీ తప్పనిసరి చేయాలని నా ప్రతిపాదన. బయట మేకులు, కడియాలు, సింహాలు యథాతథం. జనం ఎస్కలేటర్ మీద వచ్చి, ఫొటో తీసుకుని, చెక్క అరలో డబ్బు పెట్టి, మిఠాయి తీసుకుని రైలెక్కుతారు. ఒక చిక్కు మాత్రం ఉంది. అరను లోపలి నుంచి తిప్పడానికి మనుషులు కావాలి. సన్యాసినులు తగ్గిపోతున్నారు, కాపురస్థులు ముందే తగ్గారు. ఆ ఖాళీలను భర్తీ చేయడానికి, తాతముత్తాతలది టొలేడోయేనని రుజువు చూపగలవారి నుంచి దరఖాస్తులు కోరవచ్చు. భాషా పరీక్ష ఉంటుంది. నోటరీ సంతకం తప్పనిసరి.