తిమింగలం ఏం తిన్నదో చూడాలి

సముద్రపు నీటిలో పాదరసాన్ని కొలిచినంత మాత్రాన తిమింగలం ఒంట్లో ఎంత చేరిందో తెలియదు. అది ఏం తిని పెరిగిందో తెలియాలి. ఉత్తర అట్లాంటిక్‌లోని ఫారో దీవులవాళ్లు పైలట్ తిమింగలం మాంసాన్ని శతాబ్దాలుగా తింటున్నారు. 1986-87లో అక్కడ పుట్టిన దాదాపు 1,000 మంది పిల్లలను పరిశోధకులు ఏళ్ల తరబడి గమనించారు. బొడ్డుతాడు రక్తంలో పాదరసం ఎక్కువగా ఉన్న పిల్లలు ఏడేళ్ల వయసుకు ఏకాగ్రతలో, జ్ఞాపకశక్తిలో, భాషలో వెనకబడ్డారు. చివరకు 2008లో దీవుల ప్రధాన వైద్యాధికారి హోగ్ని డెబెస్ జోయెన్సెన్, పరిశోధకుడు పాల్ వైహె ఆ మాంసం ఇక తినవద్దన్నారు. తాతల నాటి తిండిని వదులుకోమని సొంత మనుషులకు చెప్పిన ఆ ధైర్యాన్ని మేము గౌరవిస్తున్నాం.

పైలట్ తిమింగలానికి ప్రధాన ఆహారం స్క్విడ్. కణవ జాతికి చెందిన ఈ జీవి తన జీర్ణగ్రంథిలో కాడ్మియం అనే విషలోహాన్ని నిల్వ చేసుకుంటుంది. తిమింగలం దాన్ని పేగులతో సహా మింగేస్తుంది కాబట్టి ఆ కాడ్మియం మూత్రపిండాల్లో పేరుకుంటుంది. జీవుల ఒంట్లో చేరే విషపూరితమైన పాదరసం రూపం, మిథైల్ పాదరసం. దాని దారి వేరు. అది కండలోని ప్రోటీన్‌ను పట్టుకుని చిన్న చేప నుంచి పెద్ద చేపకు, అక్కడి నుంచి వేటాడే జీవికి చేరుతూ మెట్టుమెట్టుకూ చిక్కబడుతుంది. అందుకే క్రిల్ అనే రొయ్యలాంటి చిన్న జీవులను తినే, పళ్లు లేని బలీన్ తిమింగలాల్లో, నత్తగుల్లలు తినే వాల్రస్‌లలో పాదరసం తక్కువ. సీల్‌కు ఏటా బొచ్చు రాలినప్పుడు కొంత బయటికి పోతుంది. తిమింగలానికి ఆ వెసులుబాటూ లేదు.

మన తీరానికి తిమింగలాల బంధువైన డాల్ఫిన్ కళేబరం కొట్టుకొస్తే, పాతిపెట్టేముందే నమూనాలు తీయాలని మేము కోరుతున్నాం. పాదరసానికి కాలేయం, కండ, కాడ్మియానికి మూత్రపిండం, వయసు పొరలు లెక్కించడానికి ఒక పన్ను, తిండి ఆనవాలుకు కడుపులో మిగిలిన చేపల చెవిరాళ్లు, స్క్విడ్ ముక్కులు. వయసు తెలియని అంకెతో పోలిక కుదరదు, ఎందుకంటే ముసలి జంతువు కాలేయంలో పాదరసం సెలీనియంతో కలిసి కరగని రేణువులుగా ఏళ్లపాటు నిలిచిపోతుంది. అక్కడ మొత్తం పాదరసం భారీగా కనిపించినా అందులో మిథైల్ రూపం కొంతే. కండలో మాత్రం ఎక్కువ భాగం అదే. కాబట్టి మొత్తం పాదరసాన్నీ, మిథైల్ పాదరసాన్నీ విడిగా కొలవాలి.

ఎక్కువ పొరపాట్లు తూకంలోనే జరుగుతాయి. కండలో దాదాపు నాలుగింట మూడు వంతులు నీరే. అందుచేత ఎండబెట్టి కొలిచిన అంకె, పచ్చిదానికి నాలుగు రెట్లు కనిపిస్తుంది. నివేదికలో అది ఎండు తూకమో, పచ్చి తూకమో రాయాలి. కళేబరం ఎంత కుళ్లిందో కూడా రాయాలి, కుళ్లేకొద్దీ నీటి శాతం మారిపోతుంది. ముక్కలను శుభ్రమైన ప్లాస్టిక్ సంచుల్లో వేసి, తేదీ, చోటు, పొడవు, ఆడో మగో రాసి, మైనస్ 20 డిగ్రీల్లో గడ్డకట్టించాలి.