నాలుగు సూత్రాలతో స్టిల్ లైఫ్ ఫొటో వచ్చేస్తుందా?

మంచి స్టిల్ లైఫ్ ఫొటోకు, అంటే కదలని వస్తువులను అమర్చి తీసే ఫొటోకు, నాలుగే సూత్రాలంటూ ఒక సందేశం చాలాకాలంగా చేతులు మారుతోంది. వస్తువును ఫ్రేము మధ్యలో పెట్టకూడదు, ఫ్రేమును మూడు సమభాగాలు చేసే గీత మీదే ఉంచాలి (దీన్నే మూడో వంతుల సూత్రం అంటారు). వస్తువులు బేసి సంఖ్యలో ఉండాలి. వెనకభాగాన్ని వీలైనంత మసకబార్చాలి. జ్ఞాపకంగా దాచుకున్న వస్తువును తీస్తే ఫొటోకు అర్థం దానంతట అదే వస్తుంది. మొదటి మూడూ అరకొర నిజాలు. నాలుగోది మాత్రం పూర్తిగా దారి తప్పిస్తుంది.

మూడో వంతుల సూత్రానికి ఆ పేరు పెట్టినవాడు జాన్ థామస్ స్మిత్ అనే ఆంగ్ల చిత్రకారుడు. 1797లో, ప్రకృతి దృశ్యాల గురించి రాస్తూ పెట్టాడు. నేలకెంత చోటు, ఆకాశానికెంత అన్నది ఆయన ముందున్న ప్రశ్న. ప్రతి వస్తువునూ మన చేత్తోనే అమర్చుకునే బల్ల మీదికి దాన్ని శాసనంగా తేవడం ఎందుకో అర్థం కాదు. అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ వెస్టన్ 1930లో తీసిన క్యాప్సికం ఫొటో చూడండి. రేకు గరాటులో కూర్చోబెట్టిన ఒకే ఒక్క కాయ, ఫ్రేమును దాదాపు నింపేసి నడిమధ్యన ఉంటుంది. గరాటు లోపలి గోడ వెలుతురును తిప్పి కాయ వంపుల మీదికి పంపింది. ఆ ఫొటోలో పని చేసింది ఆ వెలుతురే. ఆ కాయను పక్కకు జరిపి ఫొటోను బాగుచేయగలమనుకునేవారికి ఒక నమస్కారం. మధ్యలో పెట్టిన వస్తువు చప్పగా కనిపిస్తే తప్పు సాధారణంగా దాని చుట్టూ ఊరికే పడి ఉన్న ఖాళీది. గీతలకన్నా ముందు అంచులను చూసుకోవాలి. రెండు వస్తువుల అంచులు తాకీ తాకనట్టు ఉంటే కన్ను అక్కడే చిక్కుకుంటుంది. వాటిని విడదీయండి, లేదంటే ఒకదాన్ని మరొకదాని వెనక్కి నెట్టండి.

బేసి సంఖ్య గురించి ఎక్కువ మాటలు అనవసరం. హంగరీలో పుట్టిన ఫొటోగ్రాఫర్ ఆంద్రె కెర్తెజ్ 1928లో ఒక ఫోర్కును పళ్లెం అంచుకు ఆనించి ఫొటో తీశాడు. ఉన్నవి రెండే వస్తువులు. నీడను కూడా కలిపి మూడంటారా, అప్పుడు ఏ లెక్కనైనా బేసి చేయవచ్చు.

మసక విషయానికొస్తే, 100 మిల్లీమీటర్ల మాక్రో లెన్సును (వస్తువులను బాగా దగ్గరగా తీసే లెన్సు) ఎఫ్/2.8 దగ్గర, అంటే దాని రంధ్రాన్ని బాగా తెరిచి పెట్టి, అర మీటరు దూరం నుంచి తీస్తే, స్పష్టంగా కనిపించే లోతు రెండు మూడు మిల్లీమీటర్లే. కప్పు ముందు అంచు తేటగా ఉంటే పిడి కరిగిపోతుంది. వస్తువుల మధ్య సంబంధం చెప్పదలచినప్పుడు ఆ రెండో వస్తువును మసకలో ముంచేస్తే చెప్పడానికి ఏం మిగులుతుంది? కెమెరాను ట్రైపాడ్ మీద పెట్టి ఎఫ్/11కు వెళ్లండి. రంధ్రం చిన్నదై స్పష్టంగా కనిపించే లోతు పెరుగుతుంది, వెలుతురు తగ్గుతుంది కాబట్టి షట్టర్ ఎక్కువసేపు తెరవాలి. అది ఎంతసేపు తెరిచి ఉన్నా బల్ల మీది వస్తువులు కదలవు కదా.

ఇక నాలుగోది. జ్ఞాపకం మీ తలలో ఉంది, కెమెరా ముందున్నది వస్తువు పైభాగం మాత్రమే. నాన్న చేతి గడియారాన్ని తెచ్చి, పక్కన ఎండిన పువ్వు, పాత ఉత్తరం, కొవ్వొత్తి పేర్చితే చూసేవారికి అది ఎవరి గడియారమైనా ఒకటే. జపాన్ ఫొటోగ్రాఫర్ మియాకో ఇషియుచి తన తల్లి 2000లో చనిపోయాక ఆమె వస్తువులను ఫొటోలు తీసింది. వాటిలో వాడగా అరిగిన లిప్‌స్టిక్ ఉంది. ఆ అరుగుదలలో ఒక మనిషి అలవాటు కనిపిస్తుంది, మనకు ఆ తల్లి ఎవరో తెలియకపోయినా.

మీ గడియారంలోనూ అలాంటి గుర్తు వెతకండి. తోలు పట్టీకి ఉన్న రంధ్రాల్లో ఒక్కటే సాగి ఉంటుంది, దాని పక్కన బకిల్ నొక్కిన గాడి నల్లబడి ఉంటుంది. ఆ మణికట్టు కొలత అది. పువ్వునూ ఉత్తరాన్నీ తీసేయండి. గడియారాన్ని తుడిచి మెరిపించవద్దు. కిటికీ వెలుతురు పట్టీ మీద ఏటవాలుగా రాసుకుంటూ పోయేలా పెడితే గాడిలో నీడ నిలుస్తుంది. వెలుతురును తిప్పి నీడను తగ్గించడానికి ఎదురుగా తెల్ల కాగితం పెట్టాలనిపిస్తుంది, పెట్టకండి, ఆ నీడే పోతుంది. అప్పటికీ చూపు డయల్ మీదికే పోతుంటే గడియారాన్ని తిప్పి పట్టీని ముందుకు తీసుకురండి. ముళ్లు కనిపించకపోయినా నష్టం లేదు.